కార్సినోమా అంటే ఏమిటి, ఆ పేరు ఎలా వచ్చింది? తరచుగా అడిగే ప్రశ్నలు

బయాప్సీ రిపోర్టు చేతికి రాగానే చాలామంది చేసే పని ఒకటే, అందులో అర్థంకాని మాటని ఫోన్‌లో కొట్టి చూడటం. ఆ మాట ఎక్కువసార్లు ‘కార్సినోమా’ అయి ఉంటుంది. చూశాక టెన్షన్ తగ్గకపోగా రెట్టింపవుతుంది. ఎందుకంటే ఆ ఒక్క మాట చెప్పేది తక్కువ, దాని ముందూ వెనకా ఉన్న మాటలు చెప్పేది ఎక్కువ, వాటిని విడమరిచి చెప్పేంత తీరిక ఎవరికీ ఉండదు. అందుకే ఈ పేజీ. చికిత్స సంగతి ఇక్కడ దొరకదు, అది మీ కేసు చూస్తున్న డాక్టరు చెప్పాల్సిందే.

కార్సినోమా అన్నా కేన్సర్ అన్నా ఒకటేనా?

కేన్సర్ పెద్ద ఇంటిపేరు, కార్సినోమా అందులో ఒక శాఖ. కాకపోతే అన్నిటికన్నా పెద్ద శాఖ అదే. మన ఒంటికి పైన చర్మం ఉన్నట్టే లోపల నోటికి, అన్నవాహికకి, పేగులకి, ఊపిరితిత్తుల గొట్టాలకి, మూత్రాశయానికి ఒక లోపలి పొర ఉంటుంది. రొమ్ములో పాలు తయారుచేసే గ్రంథులు, థైరాయిడ్, ప్రొస్టేట్ లాంటివీ ఆ తరహా కణాలతోనే తయారవుతాయి. వీటన్నిటినీ కలిపి ఎపిథీలియం అంటారు, స్కూలు పుస్తకంలో ఉపకళ అని చదివే ఉంటారు. ఆ కణాల్లో మొదలైన కేన్సర్ పేరు కార్సినోమా.

మనుషులకి వచ్చే కేన్సర్లలో నూటికి 80 నుంచి 90 దాకా ఈ రకమే. ఆశ్చర్యం ఏమీ లేదు. పొగ తగిలేది ఈ పొరకి, ఎండ తగిలేది ఈ పొరకి, తిన్నదీ తాగిందీ రాసుకుంటూ పోయేది ఈ పొర మీదుగా. పైగా అరిగిపోయిన కణాల చోట కొత్తవి పుట్టించుకుంటూ ఎప్పుడూ విభజన చెందుతూ ఉండేవి కూడా ఇవే. విభజన ఎన్నిసార్లు జరిగితే పొరపాటుకి అన్ని అవకాశాలు.

ఈ మాట ఏ భాషది?

గ్రీకు. ‘కార్కినోస్’ అంటే పీత, ఎండ్రకాయ. క్రీ.పూ. 460–370 ప్రాంతంలో బతికిన హిప్పోక్రటీస్ పేరుతో మనకి అందిన వైద్య గ్రంథాల్లో కార్కినోస్, కార్కినోమా అనే రెండు మాటలూ కనిపిస్తాయి, మానని పుళ్ళకీ గట్టి గడ్డలకీ వాడారు. తర్వాత సుమారు క్రీ.శ. మొదటి శతాబ్దంలో సెల్సస్ అనే రోమన్ రచయిత వైద్యం మీద లాటిన్‌లో పెద్ద పుస్తకం రాస్తూ పీతకి లాటిన్‌లో ఏమంటారో ఆ మాటే పెట్టాడు. ఆ లాటిన్ మాటే ‘కేన్సర్’. అంటే కేన్సర్, కార్సినోమా రెండూ మొదట్లో ఒకే పేరుకి రెండు భాషల రూపాలు. ఇప్పుడు ఒకటి మొత్తానికీ, ఒకటి ఒక రకానికీ స్థిరపడ్డాయి.

ఈ తేడా ఎప్పుడొచ్చింది అంటే 19వ శతాబ్దంలో, సూక్ష్మదర్శిని చేతికి వచ్చాక. 1838లో యోహానెస్ ముల్లర్ అనే జర్మన్ శాస్త్రవేత్త కేన్సర్ గడ్డ కూడా కణాలతోనే తయారవుతుందని చూపించాడు. ఆయన శిష్యుడు విర్కో ప్రతి కణమూ మరో కణం నుంచే పుడుతుందని వాదించాడు. 1860లలో టీర్ష్, వాల్డేయర్ ఇద్దరూ కార్సినోమా పుట్టేది ఎపిథీలియం కణాల నుంచే అని తేల్చారు. అంతకు ముందు రెండు వేల ఏళ్ళకి పైగా వైద్యులు ఈ మాటని కంటికి కనిపించే ఆకారాన్ని బట్టి వాడారు, ఆ తర్వాత పుట్టుకని బట్టి వాడుతున్నారు. మాట పాతదే, లోపలి అర్థం మాత్రం కొత్తది. నన్నడిగితే ఈ మొత్తం కథలో అసలు విషయం ఇదే, పీత కాదు.

సరే, ఆ పీత ఏమిటి? పీతకీ జబ్బుకీ ఏం సంబంధం?

అందరూ అడిగేది ఇదే. హిప్పోక్రటీస్ గ్రంథాల్లో కారణం రాసి లేదు, తర్వాత వచ్చినవాళ్ళు తలా ఒకటి చెప్పారు. క్రీ.శ. రెండో శతాబ్దంలో గాలెన్ చెప్పిందే ఎక్కువ ప్రచారంలోకి వచ్చింది. రొమ్ములో ముదిరిన గడ్డ చుట్టూ ఉబ్బిన నరాలు నాలుగువైపులా సాగి, పీత డొప్పకి రెండు పక్కలా కాళ్ళు ఉన్నట్టు కనిపిస్తాయని ఆయన వర్ణన. ఇది మరీ ఊహ కాదు. అప్పట్లో స్కాన్‌లు లేవు, మామోగ్రామ్ లేదు, వైద్యుడి దగ్గరికి వచ్చేసరికి గడ్డ చర్మందాకా పెరిగి, మధ్యలో గట్టిగా, చుట్టూ నీలంగా నరాలు తేలి ఉండేది. ఇప్పుడు అలాంటిది తక్కువమంది డాక్టర్లే చూస్తారు, అప్పటి వైద్యులకి రోజూ కనిపించేవే అవి.

ఏడో శతాబ్దంలో పౌలుస్ అనే వైద్యుడు, ఈజీనా ద్వీపం వాడు, ఈ నరాల సంగతి చెబుతూనే ఇంకో అభిప్రాయం కూడా రాశాడు. పట్టుకున్న చోటుని మొండిగా వదలదు కాబట్టి పీత పేరు పెట్టారని కొందరంటారట. మనం ఉడుంపట్టు అంటాం చూడండి, అలాంటిది. గడ్డ డొప్పలా గట్టిగా ఉంటుంది కాబట్టి అనీ, పీత గిల్లినట్టు నొప్పి పెడుతుంది కాబట్టి అనీ కూడా చెబుతారు. ఈ చివరిది నాకు నచ్చదు, ఎందుకంటే చాలా కార్సినోమాలు మొదట్లో అసలు నొప్పే పెట్టవు. నొప్పి లేదు కదా అని ఊరుకునేవాళ్ళు ఎందరో, ఈ పీత గిల్లుడు కథ వాళ్ళకి ఇంకా చేటు.

గ్రీకులు పేరు పెట్టకముందు ఈ జబ్బు లేదా?

ఉంది. ఈజిప్టులో క్రీ.పూ. 1600 ప్రాంతంలో రాసిన ఒక పపైరస్ చుట్ట దొరికింది, ఇప్పుడు దాన్ని ఎడ్విన్ స్మిత్ పపైరస్ అంటారు, అది అంతకన్నా చాలా పాత గ్రంథానికి నకలు అని పండితుల అంచనా. అందులో రొమ్ములో ఉబ్బిన గడ్డల గురించి రాసి, చికిత్స లేదు అని తేల్చేశారు. అది కేన్సరే అని చాలామంది చరిత్రకారుల నమ్మకం. జబ్బుకి పేరు లేకపోయినా జబ్బుని గుర్తుపట్టారన్నమాట. దీన్నిబట్టి ఇది ఈ కాలపు జబ్బు, పూర్వం ఎవరికీ ఉండేది కాదు అనే మాట నిజం కాదు. ఇప్పుడు ఎక్కువ కనిపించడానికి జనం ఎక్కువకాలం బతకడం, పరీక్షలు పెరగడం, పొగాకు లాంటివి పెద్ద కారణాలు.

అర్బుదం అంటే కూడా ఇదేనా?

ఇప్పటి వాడుకలో అవును. పాత అర్థం కొంచెం వేరు. సుశ్రుత సంహితలో అర్బుదం వర్ణన ఉంది, చాలా నిదానంగా, దగ్గరుండి చూసి రాసినట్టు ఉంటుంది. గుండ్రంగా, కదలకుండా స్థిరంగా, మందరుజం అంటే నొప్పి కొద్దిగా, అనల్పమూలం అంటే లోతైన వేరుతో, నెమ్మదిగా పెరుగుతూ, పాకానికి రాకుండా అంటే చీము పట్టకుండా ఉండే మాంసపు పెరుగుదల. చీము పట్టే గడ్డ వేరు, ఇది వేరు అని విడదీశారు. ఒకదాని మీద ఇంకొకటి లేస్తే అధ్యర్బుదం, జంటగా వస్తే ద్విరర్బుదం అని పేర్లు కూడా ఉన్నాయి. అయితే ఆ వర్ణనలో హాని చేయని కొవ్వు గడ్డలు కూడా ఇమిడిపోతాయి, అందుకని సుశ్రుతుడి అర్బుదాన్ని ఉన్నదున్నట్టు కార్సినోమా అనలేం. ట్యూమర్ అనే మాటకి దగ్గర.

రాచపుండు అనేది మన జనం మాట. రాచబాట, రాచవీధి అన్నప్పటి రాచ, పెద్దది అని. పుండుగా బయటపడిన కేన్సర్‌కి సరిపోతుంది గాని ఊపిరితిత్తుల్లో ఎవరికీ కనిపించకుండా పెరిగేదాన్ని పుండు అనడం కుదరదు.

కేన్సర్ రాశికీ దీనికీ ఏమైనా లింకు ఉందా?

పీత ఒక్కటే లింకు. ఆకాశంలో నక్షత్రాల గుంపుకి పీత పేరు, గడ్డకి పీత పేరు, విడివిడిగా పెట్టుకున్నారు. మనకి అదే కర్కాటక రాశి, అదే పటంలో కర్కట రేఖ. సంస్కృతం కర్కటం, గ్రీకు కార్కినోస్ ఒకే మూలం నుంచి వచ్చాయని భాషావేత్తలు లెక్కేస్తారు, పలికి చూస్తే మీకే తెలుస్తుంది. ఆ రాశిలో పుట్టినవాళ్ళకి ఈ జబ్బు ఎక్కువ వస్తుందా అని నిజంగానే అడిగేవాళ్ళున్నారు. రాదు.

మరి ఆంకాలజీ, ట్యూమర్, మెటాస్టాసిస్?

ఆంకాలజీలోని ‘ఓంకోస్’ కూడా గ్రీకే, బరువు, ముద్ద, ఉబ్బు అని. గాలెన్ గడ్డలన్నిటికీ ఆ మాట వాడేవాడు. ట్యూమర్ లాటిన్, వాపు అని మాత్రమే అర్థం. సెల్సస్ వాపు-మంట లక్షణాలు నాలుగు చెప్పాడు, ఎరుపు, వాపు, వేడి, నొప్పి, అందులో ఆ వాపుకి ఆయన వాడిన మాట ట్యూమరే. కాబట్టి రిపోర్టులో ట్యూమర్ అని ఉంటే అది కేన్సర్ అని అప్పుడే అనుకోవద్దు, పక్కన బినైన్ (కేన్సర్ కానిది) అని ఉందా, మాలిగ్నెంట్ (కేన్సర్) అని ఉందా చూడండి. మెటాస్టాసిస్ అంటే ఉన్నచోటు మారడం. జబ్బు పుట్టినచోటు వదిలి ఇంకో అవయవానికి చేరడాన్ని ఈ మాటతో చెప్పింది 1829లో రేకామియే అనే ఫ్రెంచి వైద్యుడు.

చివర ‘ఓమా’ ఉంటే అది కేన్సరే కదా?

ఈ ఒక్క అనుమానం వల్ల నిద్ర పాడుచేసుకున్నవాళ్ళు చాలామంది. ఓమా అనేది గ్రీకులో క్రియకి చివర చేరి, ఆ పని వల్ల ఏర్పడిన వస్తువు అని చెప్పే ప్రత్యయం, అంతకుమించి ఏమీ లేదు. మడతపెట్టిన కాగితం అనే అర్థంలో డిప్లొమా అనే మాట పుట్టింది కూడా అలాగే, దానికి ఎవరూ భయపడరు. వైద్యంలో మాత్రం క్రమంగా గడ్డ అనే అర్థం దానికి అంటుకుంది, అదీ పూర్తిగా కాదు.

లైపోమా అంటే కొవ్వు గడ్డ, చర్మం కింద మెత్తగా, వేలితో నొక్కితే జారుతూ ఉంటుంది, కేన్సర్ కాదు. ఎడినోమా గ్రంథి కణాల గడ్డ, కేన్సర్ కాదు గాని పెద్దపేగులో వచ్చే ఎడినోమాలు కొన్ని ఏళ్ళ మీద కార్సినోమాగా మారగలవు కాబట్టి కనిపిస్తే తీసేస్తారు. ఫైబ్రోఎడినోమా వయసులో ఉన్న ఆడపిల్లల రొమ్ములో తరచూ కనిపించేది, అదీ కేన్సర్ కాదు. హెమటోమా దెబ్బ తగిలి రక్తం గడ్డకట్టి ఉబ్బడం. గ్రాన్యులోమా క్షయ లాంటి జబ్బుల్లో రోగనిరోధక కణాలు ఒకచోట గుమిగూడటం. గ్లకోమా కంటిలో ఒత్తిడితో ముడిపడ్డ జబ్బు, ట్రకోమా కంటి ఇన్‌ఫెక్షన్, ఈ రెంటిలో గడ్డ అనేదే లేదు.

ఇటువైపు చూస్తే, మెలనోమా పేరు లైపోమాలాగే అమాయకంగా ఉంటుంది, కాని చర్మపు కేన్సర్లలో ప్రమాదకరమైనవాటిలో ఒకటి. లింఫోమా కూడా కేన్సరే. వృషణంలో వచ్చే సెమినోమా కేన్సరే, అయితే చికిత్సకి బాగా లొంగుతుంది. కాలేయపు కార్సినోమాని పాతకాలపు డాక్టర్లు హెపటోమా అనేవారు, అదీ కేన్సరే. చివరి అక్షరాలు చూసి తీర్పు చెప్పే సూత్రం ఏదీ లేదు. పేర్లు ఒక పద్ధతి ప్రకారం పెట్టినవి కావు, ఎవరికి తోచినట్టు వాళ్ళు పెడితే అలవాటై నిలబడిపోయినవి.

సార్కోమా వేరా?

వేరు. సార్క్స్ అంటే గ్రీకులో మాంసం. ఎముక, కండరం, కొవ్వు, మృదులాస్థి లాంటి శరీరాన్ని నిలబెట్టే కణజాలంలో పుట్టేవి సార్కోమాలు, చాలా అరుదు. రక్తకణాలవి లుకేమియాలు, ‘తెల్ల రక్తం’ అని దాని అర్థం, ఆ పేరు పెట్టింది పైన చెప్పిన విర్కోనే.

రిపోర్టులో కార్సినోమా ముందు ఏదో పెద్ద మాట ఉంది. అదేంటి?

అసలు చదవాల్సింది అదే. ఎడినో అంటే గ్రంథి, కాబట్టి ఎడినోకార్సినోమా గ్రంథి కణాల నుంచి పుట్టింది, పెద్దపేగు, ప్రొస్టేట్, జీర్ణాశయపు కేన్సర్లు ఎక్కువగా ఇవి. స్క్వామా అంటే లాటిన్‌లో పొలుసు, స్క్వామస్ సెల్ కార్సినోమా చేప పొలుసుల్లా పలచగా పేర్చినట్టుండే కణాలది, నోరు, గొంతు, గర్భాశయ ముఖద్వారం, చర్మం దీని చోట్లు. బేసల్ సెల్ అంటే చర్మపు పైపొర అడుగు వరుస కణాలు. ఈ బేసల్ సెల్ కార్సినోమా పేరులో కార్సినోమా ఉన్నా వేరే అవయవాలకి పాకడం చాలా చాలా అరుదు. ప్యాంక్రియాస్ (క్లోమగ్రంథి) ఎడినోకార్సినోమా మాత్రం అన్నిటికన్నా కష్టమైనవాటిలో ఒకటి. రెండింటికీ ఇంటిపేరు ఒకటే. అందుకే కార్సినోమా అనే మాట ఒక్కటి వినగానే ఎన్నాళ్ళు బతుకుతారు అని అడిగితే ఎవరి దగ్గరా జవాబు ఉండదు.

వెనక వచ్చే మాటల్లో ముఖ్యమైంది గ్రేడ్. వెల్ డిఫరెన్షియేటెడ్ అంటే ఆ కణాలు ఇంకా తమ మామూలు రూపానికి దగ్గరగా ఉన్నాయి, పూర్లీ డిఫరెన్షియేటెడ్ అంటే రూపురేఖలు చెడిపోయి ఏ కణమో పోల్చుకోవడం కష్టంగా ఉంది. ‘వెల్’ చూసి ఆరోగ్యం బాగుందనీ, ‘పూర్’ చూసి ఆశ లేదనీ అనుకునేవాళ్ళున్నారు, రెండూ తప్పే. గ్రేడ్ వేరు, స్టేజ్ వేరు అనేది కూడా గుర్తుంచుకోండి. గ్రేడ్ కణం ఎలా ఉందో చెబుతుంది, స్టేజ్ జబ్బు ఎంత దూరం వెళ్ళిందో చెబుతుంది.

‘ఇన్ సిటు’ అని రాశారు. కేన్సర్ ఉన్నట్టా లేనట్టా?

సగం తగాదా అంతా ఇక్కడే ఉంది, డాక్టర్ల మధ్య కూడా. ఇన్ సిటు లాటిన్, ఉన్నచోటనే అని. ఎపిథీలియం కింద బేస్‌మెంట్ మెంబ్రేన్ అనే పలచటి పొర ఒకటి ఉంటుంది. కణాలు కేన్సర్ కణాల్లాగే తయారయ్యాయి గాని ఆ పొరని చీల్చుకుని కిందికి దిగలేదు అంటే కార్సినోమా ఇన్ సిటు. 1932లో బ్రోడర్స్ అనే పేథాలజిస్టు, అంటే తీసిన ముక్కని సూక్ష్మదర్శిని కింద చూసి జబ్బు తేల్చే డాక్టరు, తెచ్చిన మాట. రక్తనాళాలూ లింఫ్ నాళాలూ ఆ పొరకి అవతల ఉంటాయి కాబట్టి, పొర దాటనంతవరకు వేరే చోటికి పాకే దారి లేదు. అందుకే దీన్ని స్టేజ్ 0 అంటారు.

రొమ్ములో పాలగొట్టాల్లో వచ్చే ఇలాంటిదాన్ని వదిలేస్తే కొందరిలో ముందుకు సాగి పొర దాటుతుంది, ఇంకొందరిలో ఎన్నేళ్ళైనా అలాగే ఉండిపోతుంది, ఎవరిలో ఏది జరుగుతుందో ముందే చెప్పడం ఇప్పటికీ కష్టం. కాబట్టి సాధారణంగా చికిత్స చేస్తారు. ఇదే రొమ్ములో లాబ్యులర్ కార్సినోమా ఇన్ సిటు అని ఇంకోటి ఉంది, దాన్ని 2018 నుంచి అమల్లో ఉన్న స్టేజింగ్ పద్ధతిలో కేన్సర్ జాబితా నుంచే తీసేశారు, ముందు ముందు కేన్సర్ వచ్చే అవకాశం ఎక్కువ అని చెప్పే సూచనగా చూస్తున్నారు. పేరులో కార్సినోమా మాత్రం అలాగే ఉండిపోయింది.

అయితే పేరు మార్చొచ్చు కదా?

మార్చిన సందర్భం ఉంది. థైరాయిడ్‌లో గుల్లలా పొర కప్పుకుని, దాన్ని దాటని ఒక రకం గడ్డని పాపిల్లరీ కార్సినోమా కింద లెక్కేసేవారు. అలాంటివాళ్ళని ఏళ్ళ తరబడి గమనిస్తే జబ్బు తిరగబెట్టడం లేదని తేలింది. 2016లో వివిధ దేశాల నిపుణులు కూర్చుని ఆ పేరులోంచి కార్సినోమా మాట కొట్టేశారు. కొత్త పేరుని పొట్టిగా నిఫ్ట్‌పీ అంటారు, పూర్తి పేరు చెప్పాలంటే ఒక ఊపిరి చాలదు. కాని ఒక్క మాట తీసేయడం వల్ల థైరాయిడ్ మొత్తం తీసేయడం, ఆ తర్వాత రేడియో అయోడిన్ ఇవ్వడం లాంటివి ఎంతోమందికి తప్పుతాయి. ప్రొస్టేట్‌లో తక్కువ గ్రేడ్ ఉన్నవాటికి కూడా అలాగే పేరు మార్చాలని వాదన నడుస్తోంది. మారిస్తే జనం ఫాలోఅప్‌కి రావడం మానేస్తారేమో అని అవతలివాళ్ళ భయం. ఆ భయంలోనూ న్యాయం ఉంది.

కార్సినాయిడ్ అంటే చిన్న కార్సినోమానా?

1907లో ఓబర్న్‌డార్ఫర్ అనే జర్మన్ పేథాలజిస్టు చిన్నపేగులో మెల్లగా పెరిగే గడ్డలు చూసి, కార్సినోమాలా ఉన్నాయి గాని కావు అనే అర్థంలో ఆ పేరు పెట్టాడు. 1929కి ఆయనే, వీటిలో కొన్ని పాకుతాయి కూడా అని సవరించుకున్నాడు. అప్పటికే పేరు అతుక్కుపోయింది. ఇప్పుడు చాలావరకు న్యూరోఎండోక్రైన్ ట్యూమర్ అని రాస్తున్నారు, పాత రిపోర్టుల్లో పాత పేరే కనిపిస్తుంది.

చీటీ మీద ‘సీఏ’ అని రాశారు, అదేనా?

ఎక్కడ రాశారో చూడండి. డాక్టరు చీటీలో సీఏ అని రాసి పక్కన అవయవం పేరు ఉంటే కార్సినోమా అనే. ముందు ప్రశ్నార్థకం పెడితే అనుమానం మాత్రమే, నిర్ధారణ కాలేదని. రక్తపరీక్ష రిపోర్టులో సోడియం, పొటాషియం వరసలో సీఏ అని ఉంటే అది కాల్షియం, హాయిగా ఉండండి. సీఏ 125, సీఏ 19-9 అంటే రక్తంలో కొలిచే పదార్థాలు, కేన్సర్ లేకపోయినా పెరగగలవు. కేన్సర్ అనే మాట రోగి ముందు అనడం ఇష్టంలేక ‘మైటోటిక్’ అనేవాళ్ళూ ఉన్నారు, కణ విభజన అని దాని అర్థం. ఆ మాట మీ చెవిన పడితే మొహమాటపడకుండా అది కేన్సర్ అనా మీ ఉద్దేశం అని నేరుగా అడగండి.

కార్సినోమా అని తేల్చారు గాని ఎక్కడ పుట్టిందో తెలియదంటున్నారు. ఇదేం విడ్డూరం?

విడ్డూరంలా ఉంటుంది గాని జరుగుతుంది. కాలేయంలోనో మెడ దగ్గర లింఫ్ గ్రంథిలోనో ముక్క తీసి చూస్తే కణాల్లో కెరటిన్ అనే ప్రోటీను కనిపిస్తుంది, అది ఎపిథీలియం కణాల ఆనవాలు, కాబట్టి కార్సినోమా అని చెప్పగలుగుతారు. కాని ఆ కణం మొదట ఊపిరితిత్తులదా, ప్యాంక్రియాస్‌దా అన్నది ఇంకో పని. అందుకు అదే ముక్క మీద రకరకాల రంగు పరీక్షలు వేస్తారు. ఉదాహరణకి టీటీఎఫ్ 1 అనేది పట్టుకుంటే ఊపిరితిత్తుల వైపో థైరాయిడ్ వైపో చూస్తారు, పీఎస్‌ఏ పట్టుకుంటే ప్రొస్టేట్ వైపు. రిపోర్టు ఆలస్యమవుతోందంటే చాలాసార్లు ఈ పరీక్షల మూలంగానే. ఒక్కోసారి అన్నీ చేసినా మూలం దొరకదు, మొదటి గడ్డ అంత చిన్నదై ఉంటుంది లేదా శరీరమే దాన్ని అణిచేసి ఉంటుంది. అప్పుడు ‘అన్‌నోన్ ప్రైమరీ’ అని రాసి, కణం తీరుని బట్టి చికిత్స మొదలుపెడతారు. ఇలాంటి కేసులో స్లైడులూ, మైనంలో పెట్టిన బ్లాకులూ తీసుకెళ్ళి ఇంకో పేథాలజిస్టుకి చూపించుకోవడం మామూలే, అడిగితే ల్యాబ్‌వాళ్ళు ఇస్తారు.